నాన్న చెవి మిషన్ సాయంత్రానికే ఆగిపోతోంది. దేన్ని ఆపాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. ఆరేళ్లుగా హియరింగ్ ఎయిడ్స్ వాడుతున్నారు. నాలుగు నెలల క్రితం పాతవి తీసేసి, ఛార్జింగ్‌తో నడిచే కొత్త జత కొన్నాం. అడుగులు లెక్కపెట్టడం, గుండె వేగం చూడటం, ఆయన పడిపోతే మా ఫోన్లకు మెసేజ్ పంపడం, అన్నీ వీటిలో ఉన్నాయి. నేను దూరంగా ఉంటాను. అందుకే ఇవి ఎంచుకుని, యాప్‌లో అన్నీ ఆన్ చేశాను. గుండె వేగం కూడా ఎప్పుడూ చూస్తూనే ఉండేలా పెట్టాను. టీవీ శబ్దం నేరుగా చెవిలోకి వచ్చేలా ఒక చిన్న పెట్టె కూడా పెట్టించాం. రోజుకు నాలుగైదు గంటలు టీవీ చూస్తారు. ఒక్కసారి ఛార్జ్ చేస్తే రోజంతా వస్తుందని కొనేటప్పుడు చెప్పారు. కానీ పొద్దున ఆరింటికి పెట్టుకుంటే సాయంత్రం ఏడయ్యేసరికి చెవిలో టింగుమని మోగి ఆగిపోతున్నాయి. ఆ తర్వాత నాన్న వాటిని తీసేసి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటున్నారని అమ్మ చెప్పింది. 'ఆ హెల్త్ గోలంతా ఆపెయ్, బ్యాటరీ అదే నిలబడుతుంది' అంటున్నాడు అన్నయ్య. ఆపేస్తే వీటిని కొన్న ప్రయోజనమే పోతుందని నాకు టెన్షన్. ఏది ఉంచాలి, ఏది ఆపాలి? రోజూ రాత్రంతా ఛార్జింగ్‌లో పెడితే బ్యాటరీ పాడవుతుందా?
ఒక కూతురు

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ 'ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటున్నారు' అన్న మాట దగ్గర ఆగిపోయానమ్మా. ఇరవై ఏళ్లుగా వినికిడి సమస్యలు చూసే ఆడియాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను. వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు సాయంత్రాలు ఎంత ముఖ్యమో చూస్తూనే ఉన్నాను. పగలంతా ఎవరి పనుల్లో వాళ్లుంటారు. ఇంట్లోవాళ్లు ఒకచోట కూర్చునేది, మీలాంటి దూరాన ఉన్న పిల్లలు ఫోన్ చేసేది చీకటి పడ్డాకే. సరిగ్గా ఆ వేళకే ఆయన చెవులు మూతపడుతున్నాయి.

కాబట్టి ముందుగా ఒక మాట తేల్చుకుందాం. ఆ మిషన్ మొదటి పని వినిపించడం. మిగతావన్నీ ఆ తర్వాత. పైగా ఆగిపోయిన మిషన్ అడుగులు లెక్కపెట్టదు, గుండె వేగం చూడదు, మనిషి పడిపోయినా ఎవరికీ చెప్పదు. అంటే ఏడు దాటాక ఆయనకు వినిపించట్లేదు, మీకు కబురూ అందట్లేదు. రాత్రి పది వరకు అవి నడిస్తే మీ ఇద్దరి అవసరమూ తీరుతుంది. అది సాధ్యమే అని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

మీ అన్నయ్య మాటలో సగం నిజం ఉంది. అయితే 'హెల్త్ గోల' అని అన్నింటినీ ఒకే గాటన కట్టడానికి లేదు. అడుగులు లెక్కపెట్టేదీ, పడిపోయారని పసిగట్టేదీ యాక్సెలరోమీటర్ అనే చిన్న కదలికల సెన్సర్. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే తెర మీద బొమ్మ కూడా తిరుగుతుంది కదా, ఆ పని చేయించేది ఈ జాతి సెన్సరే. ఇది తీసుకునే కరెంటు మైక్రోయాంపుల్లో ఉంటుంది. చుట్టూ ఉన్న శబ్దాన్ని అందుకుని, గోలను తగ్గించి, మాటను పెంచి చెవిలోకి పంపే అసలు పనికి మాత్రం ఒక్కో మిషన్‌కు సుమారు 1 నుంచి 2 మిల్లీయాంపులు పడుతుంది. మిల్లీయాంపులో వెయ్యో వంతు ఒక మైక్రోయాంపు. మిషన్ మొత్తానికి 1500 మైక్రోయాంపులు, అందులో ఈ సెన్సర్‌కు 10 మైక్రోయాంపులు అనుకుని లెక్క వేయండి. అడుగుల లెక్క ఆపేసినందుకు 13 గంటల వాడకంలో మీకు మిగిలేది ఐదు నిమిషాలు! ఆ ఐదు నిమిషాల కోసం, పడిపోతే చెప్పే ఏర్పాటును పోగొట్టుకోకండి. కొన్ని మోడళ్లలో శరీరం ఎటు తిరిగిందో కొలిచే గైరోస్కోప్ కూడా ఉంటుంది. దానికి ఇంతకంటే చాలా ఎక్కువ కరెంటు కావాలి. అందుకే దాన్ని నిద్రపుచ్చి ఉంచి, అవసరమైనప్పుడే లేపేలా డిజైన్ చేయడం పరిపాటి. ఆ సంగతి మిషన్ చూసుకుంటుంది, మీరు చేయాల్సిందేమీ లేదు.

గుండె వేగం చూసే సెన్సర్ కథ వేరు. అది చర్మంలోకి కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతిలో తేడాను చూస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద సన్నని రక్తనాళాల్లో రక్తం కాస్త పెరుగుతుంది, ఆ క్షణంలో కాంతి కొంచెం ఎక్కువగా ఇంకిపోతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడితే గుండె వేగం వస్తుంది. దీనికి మణికట్టు కంటే చెవి మంచి చోటు. రక్తప్రసరణ బాగుంటుంది, చేతిలా ఊరికే ఊగదు, బయటి వెలుతురు పెద్దగా చొరబడదు. కానీ కాంతి పుట్టించాలంటే కరెంటు ఖర్చవుతుంది. లోపలి ఎల్‌ఈడీ వెలిగిన క్షణంలో మిల్లీయాంపుల లెక్కన లాగుతుంది. అందుకే దాన్ని నిలకడగా వెలిగించరు. సెకనుకు పదులసార్లు, ఒక్కోసారీ రెప్పపాటులో ఎన్నో వంతు కూడా లేనంతసేపు, మిణుక్కుమనిపిస్తారు. ఇంత జాగ్రత్త పడ్డా ఖర్చు కనిపిస్తూనే ఉంటుంది. యాపిల్ 2025లో తెచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రో 3 ఇయర్‌బడ్స్ సంగతే చూడండి. బయటి శబ్దాన్ని ఆపుతూ పాటలు వింటే 8 గంటలు వస్తుందని, వ్యాయామం చేస్తూ గుండె వేగం కూడా చూస్తుంటే 6.5 గంటలని ఆ కంపెనీయే చెప్పింది. మీ నాన్నగారి మిషన్ వేరు, అంకెలూ వేరుగా ఉంటాయి. అయినా ఎటు మొగ్గు ఉందో అర్థమవుతుంది.

అందుకే 'ఎప్పుడూ చూస్తూ ఉండు' అని మీరు పెట్టిన సెట్టింగ్‌ను ఇవాళే మార్చండి. పది నిమిషాలకోసారి అరనిమిషం చూసేలా పెడితే ఆ సెన్సర్ పని ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. మీ యాప్‌లో అలా విరామం ఎంచుకునే వీలు లేకపోతే, నిరంతరం చూడటం ఆపేసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆయన కూర్చుని ఉన్నప్పుడు కొలవండి. దీనివల్ల మీరు పోగొట్టుకునేది చాలా తక్కువ. తింటున్నప్పుడు, మాట్లాడుతున్నప్పుడు దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం కూడా కాస్త మారుతుంది. నడుస్తుంటే మిషనే కదులుతుంది. అప్పుడు వచ్చే అంకెల్లో పొరపాట్లు ఎక్కువ. నిదానంగా కూర్చున్నప్పుడు తీసిన అంకె ఒకటి ఉంటే, నెలల తరబడి అది ఎలా మారుతోందో చూసుకుంటే, డాక్టర్‌కు పనికొచ్చేది అదే. గుండె లయలో తేడా ఉందని అనుమానం వస్తే డాక్టర్లు దానికి ఈసీజీ తీసే వేరే పరికరం పెడతారు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం లాంటివి ఉంటే మాత్రం యాప్‌లో అంకె మామూలుగానే ఉందని ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. మీరు ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. అదే టీవీ.

టీవీ నుంచి గానీ ఫోన్ నుంచి గానీ శబ్దం నేరుగా చెవిలోకి వస్తోందంటే, మిషన్‌లోని రేడియో, అంటే వైరు లేకుండా శబ్దాన్ని అందుకునే భాగం, ఆగకుండా పనిచేస్తోందని అర్థం. ఇలా స్ట్రీమింగ్ జరుగుతున్నంతసేపూ ఖర్చు మామూలుగా వినేటప్పటి కంటే చాలా పెరుగుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి రెట్టింపు అనుకుందాం. మామూలుగా ఒక గంట వింటే ఒక వంతు, స్ట్రీమింగ్‌తో ఒక గంట వింటే రెండు వంతులు. నాన్నగారి 13 గంటల్లో టీవీ నాలుగున్నర గంటలు అనుకుంటే దానికి 9 వంతులు. మిగతా ఎనిమిదిన్నర గంటలకు ఎనిమిదిన్నర వంతులు. మొత్తం 17.5. అంటే స్ట్రీమింగే లేకపోతే ఆ బ్యాటరీ పదిహేడున్నర గంటలు నడిచేదే, పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండున్నర దాకా. స్ట్రీమింగ్‌ను సగానికి తగ్గించారనుకోండి, రెండుంపావు గంటలకు 4.5 వంతులు పోను 13 వంతులు మిగులుతాయి. మొత్తం పదిహేనుంపావు గంటలు. రాత్రి తొమ్మిదింబావు వరకు వస్తుంది. దీనికి గుండె వేగం సెట్టింగ్ మార్చినందువల్ల వచ్చేది కూడా కలపండి. పది దాటవచ్చు.

'రోజంతా వస్తుంది' అని మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కంపెనీలు ఇన్ని గంటలు అని రాసిన చోట, రోజుకు ఇంత స్ట్రీమింగ్ చేస్తే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ కాగితం తీసి చదవండి. అక్కడ గంటో గంటన్నరో రాసి ఉంటే, నాన్నగారి నాలుగున్నర గంటలతో పోల్చుకోండి.

అలాగని టీవీ పెట్టె తీసి అవతల పడేయమని నేను చెప్పను. వినికిడి బాగా తగ్గినవాళ్లకు అది గొప్ప సుఖం. స్పీకర్ నుంచి గదంతా తిరిగి వచ్చే శబ్దంలో మాట కరిగిపోతుంది, నేరుగా చెవిలోకి వస్తే స్పష్టంగా ఉంటుంది. వార్తలకు, ఆయనకు ఇష్టమైన కార్యక్రమానికి ఆ పెట్టె వాడుకోమనండి. ఊరికే నడుస్తున్న క్రికెట్ మ్యాచ్‌కు, పాటలకు టీవీ స్పీకరే చాలు. ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్ని పెట్టెలు టీవీ సౌండ్ మ్యూట్ చేసినా కనెక్షన్ వదలవు. ఆయనకు ఏమీ వినిపించదు గానీ రేడియో మాత్రం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి టీవీ ముందు నుంచి లేచినప్పుడు చెవి మిషన్‌ను టీవీ ప్రోగ్రామ్ నుంచి మామూలుగా వినే ప్రోగ్రామ్‌కు మార్చడం, లేదా పెట్టె స్విచ్ ఆపడం అలవాటు చేయాలి. అమ్మగారికి చెబితే ఆవిడ చూసుకుంటారు.

ఇలాంటిదే మరొకటి ఉంది, ఎవరి కంటా పడదు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ఫోన్‌ను నా టేబుల్ మీద పెట్టుకుని మాట్లాడుతుంటే, మాట మధ్యలో మూడుసార్లు ఉలిక్కిపడ్డారు. ఏమైందని అడిగితే, ఫోన్‌కు మెసేజ్ వచ్చిన ప్రతిసారీ చెవిలో టక్కున మోగుతుందన్నారు. ఫ్యామిలీ గ్రూపులు నాలుగు, స్నేహితుల గ్రూపులు రెండు, పొద్దున్నే శుభోదయాలు. ప్రతి మోతకూ మిషన్ తన పని ఆపి, ఫోన్ నుంచి శబ్దం అందుకోవడానికి స్ట్రీమింగ్ మొదలుపెట్టి, కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. కీబోర్డు మీద అక్షరాలు నొక్కిన చప్పుడు కూడా చెవిలోకే పోతోంది. ఆయన ఫోన్ సెట్టింగుల్లో రింగ్‌టోన్ ఒక్కటి ఉంచి, నోటిఫికేషన్ల మోతలు, కీబోర్డు చప్పుళ్లు చెవిలోకి వెళ్లకుండా ఆపాం. బ్యాటరీ సంగతి అటుంచితే, ఎదుటివాళ్ల మాట మధ్యలో తెగిపోవడం తగ్గిందని ఆయన ఎంతో సంతోషించారు. మీ నాన్నగారి ఫోన్‌లోనూ ఇది చూడండి.

ఫోన్ ఎక్కడ ఉంటోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బ్లూటూత్ వాడే రేడియో తరంగాలను మన ఒళ్లు బాగా పీల్చేసుకుంటుంది. ఒక చెవి నుంచి ఇంకో చెవికి తల గుండా పంపడమే కష్టం కాబట్టి చాలా కంపెనీలు రెండు మిషన్లూ తమలో తాము మాట్లాడుకోవడానికి అయస్కాంత క్షేత్రంతో నడిచే వేరే పద్ధతి పెట్టాయి. ఫోన్ ప్యాంటు వెనక జేబులో ఉంటే సిగ్నల్ సరిగ్గా అందక, పంపిందే మళ్లీ మళ్లీ పంపుకోవాల్సి వస్తుంది. చొక్కా జేబు మేలు, ఎదురుగా టేబుల్ మేలు. ఫోన్ పడకగదిలో వదిలేసి ఆయన పెరట్లోకి వెళ్తే కనెక్షన్ తెగి, మిషన్ ఫోన్ కోసం వెతుక్కుంటూ ఉంటుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. పడిపోయారన్న మెసేజ్ పంపేది చెవి మిషన్ కాదు, ఫోన్. మిషన్ ఫోన్‌కు చెబుతుంది, ఫోన్ మీకు చెబుతుంది. ఫోన్ దూరంగా ఉంటే ఆ మెసేజ్ మీకు రాదు.

ఇక్కడే చాలామంది పొదుపు పేరుతో పొరపాటు చేస్తారు. ఫోన్ బ్యాటరీ నిలబడాలని దాంట్లో బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తారు. అది వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతుంది. హియరింగ్ ఎయిడ్ యాప్ కూడా వాటితో పాటే నిద్రపోతే, పడిపోయిన సంగతి అందుకునే దిక్కు ఉండదు. కాబట్టి ఫోన్ బ్యాటరీ సెట్టింగుల్లోకి వెళ్లి, ఈ యాప్‌కు మాత్రం ఆంక్షలు లేకుండా మినహాయింపు ఇవ్వండి. మెసేజ్ నిజంగా వస్తోందో లేదో యాప్‌లో టెస్ట్ అలర్ట్ ఉంటే పంపి చూడండి. కొన్ని యాప్‌లలో మెసేజ్ అందుకోవాల్సిన వాళ్లు ముందుగా తమ ఫోన్‌లో ఒప్పుకోవాలి. మీరూ, అన్నయ్యా ఆ పని పూర్తి చేశారో లేదో చూసుకోండి. యాప్ మీ ఫోన్‌కు అంకెలు ఎంత తరచుగా పంపాలో ఎంచుకునే వీలుంటే, గంటకోసారి పంపితే చాలు. సెన్సర్ తీసిన లెక్కలను మిషన్ దాచిపెట్టుకుని ఒక్కసారే ఇస్తే, రేడియోను మాటిమాటికీ లేపే పని తప్పుతుంది. పడిపోతే పంపే హెచ్చరిక దీనికి ఆగదు, అది వెంటనే వస్తుంది.

బ్యాటరీ బాధ చెవి మిషన్లకు కొత్తది కాదు. ఒకప్పుడు వీటిలో శబ్దాన్ని పెంచడానికి వాక్యూమ్ ట్యూబులనే గాజు గొట్టాలు ఉండేవి. వాటిని నడపడానికి బరువైన బ్యాటరీలు ఒంటి మీద మోసుకు తిరిగేవాళ్లు. ఆ ట్యూబుల పనిని చాలా తక్కువ కరెంటుతో చేసే ట్రాన్సిస్టర్ అనే చిన్న భాగం అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పుట్టింది 1947లో. జనం డబ్బు పెట్టి కొనుక్కున్న మొదటి ట్రాన్సిస్టర్ వస్తువుల్లో రేడియో కంటే ముందున్నది చెవి మిషనే. 1952 చివర్లో వచ్చిన సోనోటోన్ 1010 అనే చెవి మిషన్‌లో ట్రాన్సిస్టర్ ఒకటి, ట్యూబులు రెండు ఉండేవి. బ్యాటరీ ఖర్చు తగ్గుతుందన్న ఆశే ఆ కొత్త వస్తువును మొదట చెవి దగ్గరికి చేర్చింది. ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

సరే, మీ సమస్యలో ఇంకో వైపు చూద్దాం. సాయంత్రం ఏడుకు ఆగిపోతున్నది రెండు చెవులవీనా, ఒక్కటేనా? మీరు రాయలేదు. ఇది చాలా ముఖ్యం. కొన్ని మోడళ్లలో ఫోన్ కాల్ పని ఒక పక్క మిషనే ఎక్కువగా చూసుకుంటుంది. ఆ పక్క పావుగంటో అరగంటో ముందు అయిపోతే కంగారు పడక్కర్లేదు. రెండు మూడు గంటల తేడా ఉంటే మాత్రం ఆ మిషన్‌కు పొద్దున అసలు పూర్తి ఛార్జ్ ఎక్కుతోందా అని అనుమానించాలి.

కిందటి ఏడాది ఒకావిడ ఇలాగే ఎడమ చెవిది మధ్యాహ్నానికే ఆగిపోతోందని తెచ్చారు. బ్యాటరీ పోయిందనుకుని మార్పించడానికి సిద్ధపడి వచ్చారు. మిషన్‌ను భూతద్దం కింద పెట్టి చూశాను. అడుగున ఆవగింజంత బంగారు రంగు చుక్కలు రెండు ఉంటాయి, ఛార్జర్‌లో తగిలేది అవే. కుడి మిషన్‌వి తళతళలాడుతున్నాయి. ఎడమదాని మీద సన్నని మసక పొర ఉంది. చెవి వెనక చెమట, చర్మం జిడ్డు, తలనూనె కలిసి ఎండిన పొర. మెత్తటి పొడి గుడ్డతో నాలుగుసార్లు తుడిచాను, ఛార్జర్ గుంటలో ఉన్న చుక్కలను కూడా. అప్పటిదాకా వెలిగి ఆరుతున్న లైటు నిలకడగా వెలిగింది. ఆవిడ దాన్ని రోజూ రాత్రి ఛార్జర్‌లో పెడుతూనే ఉన్నారు, అది ఎక్కీ ఎక్కకుండా ఉంటోంది. అంతే జరిగింది. మీ నాన్నగారి మిషన్‌కు ఇలాంటి చుక్కలు ఉంటే వారానికి రెండుసార్లు పొడి గుడ్డతో తుడవమనండి. నీళ్లు, స్పిరిట్, గోరు, పిన్నీసు వద్దు. కొన్ని మోడళ్లకు చుక్కలే ఉండవు, తగలకుండానే ఛార్జ్ అవుతాయి. వాటిని గుంటలో సరిగ్గా కూర్చోబెడితే చాలు. రెండు లైట్లూ వెలిగాకే మంచం ఎక్కాలి.

భూతద్దం తీశాను కాబట్టి గులిమి సంగతి కూడా చెప్పేస్తాను. చెవి లోపలికి వెళ్లే కొసన తెల్లటి చిన్న జల్లెడ లాంటిది ఉంటుంది, వ్యాక్స్ గార్డ్ అంటారు. అది పసుపుపచ్చగా మారి మూసుకుపోతే శబ్దం తగ్గుతుంది. వినిపించట్లేదని ఆయన వాల్యూమ్ పెంచుతారు, మిషన్ ఎక్కువ కష్టపడుతుంది. గార్డ్ మార్చితే వినికిడీ బాగుపడుతుంది, బ్యాటరీ కూడా కాస్త మిగులుతుంది. బ్యాటరీ కోసం వాల్యూమ్ తగ్గించుకోమని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పకూడదు.

కొత్త మోడళ్లు కొన్నింటిలో గోల మధ్య మాటను విడదీయడానికి ఏఐతో పనిచేసే ప్రత్యేకమైన ప్రోగ్రామ్ ఉంటుంది. అది బ్యాటరీని గట్టిగా తినేస్తుంది. పదిమంది ఉన్న చోట దానికి సాటి లేదు. ఇంట్లో ఇద్దరే కూర్చున్నప్పుడు అక్కర్లేదు. యాప్‌లో చేత్తో ఆన్ చేసి మర్చిపోయారేమో చూసి, ఆటోమేటిక్‌లో పెట్టండి.

రాత్రంతా ఛార్జింగ్ గురించి అడిగారు. పెట్టవచ్చు. ఇవి లిథియం అయాన్ బ్యాటరీలు, నిండగానే ఛార్జింగ్ తనంతట తనే ఆగుతుంది. పూర్తిగా అయిపోయాకే పెట్టాలన్న నియమం పాత రకం బ్యాటరీలది, వీటికి లేదు. వీటికి శత్రువు వేడి. ఎండ పడే కిటికీ గట్టు మీద, ఆపి ఉంచిన కారులో, టీవీ పెట్టె పైన ఛార్జర్ ఉంచకండి. నెలల తరబడి వాడకుండా పక్కన పెట్టాల్సి వస్తే సగం ఛార్జ్‌తో ఆఫ్ చేసి పెట్టాలి. ఏళ్లు గడిచేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది, అది సహజం. కానీ మీది నాలుగు నెలల జత, ఇప్పుడే ఆ మాట రాకూడదు. పైన చెప్పినవన్నీ చేసినా ఏడింటికే ఆగిపోతే అది తయారీ లోపమే కావచ్చు. వారంటీలో మార్పించుకోవాల్సిందే, మొహమాటపడకండి.

ఛార్జింగ్ కాకుండా సెల్ మార్చే మిషన్లు వాడేవాళ్ల కోసం రెండు మాటలు. ఆ జింక్ ఎయిర్ సెల్ వెనక స్టిక్కర్ తీశాక గాలి లోపలికి వెళ్లడానికి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి, ఎక్కువ రోజులు వస్తుంది. తీసిన స్టిక్కర్ మళ్లీ అంటించినా ఖర్చు పూర్తిగా ఆగదు. వాడని సెల్లును చిన్నపిల్లలకు అందకుండా దాచండి.

ఇప్పుడు అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసే విషయం. మీరు ఈ మిషన్ కొన్నది ఆయన పడిపోతే తెలియాలని. రాత్రి పడుకునేటప్పుడు ఆయన వాటిని తీసి ఛార్జర్‌లో పెడతారు. ఆ తర్వాత బాత్రూమ్‌కని ఒకటికి రెండుసార్లు లేస్తారు. నిద్రమత్తు, చీకటి, చెవులు వినపడవు, ఒక్కసారిగా లేస్తే కొందరికి బీపీ కూడా పడిపోతుంది. పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం బాగా ఉండే వేళల్లో అదొకటి. ఆ వేళకు మీ ఏర్పాటు టేబుల్ మీద ఛార్జ్ అవుతూ ఉంటుంది. బ్యాటరీ ఎంత పొదుపు చేసినా ఈ ఖాళీ పూడదు. మంచం నుంచి బాత్రూమ్ దాకా మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు పెట్టించండి. దారిలో కాలికి తగిలేవి, జారే పట్టాలు తీయించండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. రాత్రిపూట చేతికి పెట్టుకునే అలర్ట్ బటన్ గానీ, పడితే గుర్తించే వాచీ గానీ వేరేగా ఉంటే మంచిది. ఇవన్నీ ఖరీదైన మిషన్ కంటే ముందు రావాల్సినవి అని నా అభిప్రాయం.

మధ్యాహ్నం ఆయనకు కునుకు తీసే అలవాటు ఉంటే ఆ అరగంట మిషన్లు ఛార్జర్‌లో పెట్టమనండి. అరగంటలోనే కొన్ని గంటలకు సరిపడా ఎక్కుతుంది, బ్యాటరీకి ఏ నష్టమూ లేదు. నిజానికి మిగతావన్నీ సర్దుకునేలోపు రేపటి నుంచే చేయగలిగింది ఇదే. ఇంకొక మాట, చనువుగా అడుగుతున్నాను. ఆయన గుండె వేగం, అడుగులు మీ ఫోన్‌లో కనిపిస్తాయని నాన్నగారికి తెలుసా? ఏవి మీరు చూడటం ఆయనకు ఇష్టమో ఒకసారి అడగండి. తనకు ఇష్టమైనదాన్ని మనుషులు శ్రద్ధగా పెట్టుకుంటారు, బలవంతమైతే జేబులో పడేస్తారు.

సెట్టింగులు అన్నీ ఒకేరోజు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. మొదటి మూడు రోజులు గుండె వేగం సెట్టింగ్ ఒక్కటే మార్చండి. తర్వాతి మూడు రోజులు టీవీ పెట్టె వాడకం సగం చేయండి. పొద్దున పెట్టుకున్న టైమూ, టింగుమన్న టైమూ, ముందు మోగింది కుడా ఎడమా అన్నదీ అమ్మగారిని క్యాలెండర్ మీద రాయమనండి. ఆ కాగితంతో ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపితే రోజుకు సగటున ఎన్ని గంటలు వాడారో, చాలా మోడళ్లలో అందులో స్ట్రీమింగ్ ఎంతో కూడా వాళ్లకు కనిపిస్తుంది. అమ్మగారు రాసిన టైములూ ఆ లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా వాడకంలో ఉందో మిషన్‌లో ఉందో అక్కడే తేలిపోతుంది. ఏమైందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.